ఇంటి ‘పై’ మీద ఒక పుల్లని వాదం

పోయిన వేసవిలో మిచిగన్ రాష్ట్రంలో, మా అమ్మాయి కాపురం ఉంటున్న ఊళ్ళో, తెలుగువారు కొందరు ఒక ఉద్యానవనంలో కలుసుకొని విందు చేసుకొన్నారు. ఎవరింటి వంట వారు తెచ్చారు. పులిహోర, గుత్తివంకాయ కూర, దద్దోజనం, బొబ్బట్లు. వాటి నడుమ ఒక పలుచని రేకు పళ్ళెంలో ముదురు ఎరుపు రంగుతో నిగనిగలాడుతున్న ఒక పదార్థం. దాని ముందు చీటీ మీద ‘ఇంట్లో చేసిన చెర్రీ పై’ అని వ్రాసి ఉన్నది. తెచ్చినది తెలుగు కుటుంబమే. నలుగురూ తలా ఒక ముక్క తిన్నారు, మొహాలు చిట్లించారు. “తీపి తప్ప ఇంకేమీ లేదు. వీళ్ళకు వంటెక్కడిది మాష్టారూ, డబ్బా విప్పడం, వేడి చేయడం, అంతేగా!” అని ఒకాయన తీర్పు చెప్పారు. అందరూ నవ్వారు. తెచ్చిన అమ్మాయి కూడా నవ్వుతూ, “నిజమే అంకుల్, రెండు డబ్బాలు పోశాను, పిండి పొర కూడా కొన్నదే. పది నిమిషాల పని” అన్నది.

నేను నవ్వలేదు. ఆ పై తప్పు వేరు, ఆ తీర్పు తప్పు వేరు అని చెప్పబోయాను. “పంతులుగారు అమెరికా పక్షం చేరిపోయారు” అని మళ్ళీ నవ్వారు. ఆనాడు నోట రానివ్వని మాటలు ఇక్కడ వ్రాస్తున్నాను. కొంచెం దీర్ఘమైతే పెద్దలు మన్నించాలి. ముప్పైయొక్క ఏళ్ళు బల్లమీద డస్టరు కొట్టి చెప్పినవాడిని, కుదించి చెప్పే విద్య నాకు అబ్బలేదు.

ముందుగా ‘ఇంట్లో చేసిన’ అన్న విశేషణం సంగతి. ఇల్లు అన్న మాటకు ఔపవిభక్తికం చేరితే ‘ఇంటి’ అవుతుంది. డబ్బాకు ఏ విభక్తి చేర్చినా అది డబ్బాగానే ఉంటుంది. బజారునుంచి ఆవకాయ సీసా తెచ్చి, ఇంట్లో మూత తీసి, జాడీలోకి మార్చి ‘మా ఇంటి ఆవకాయ’ అన్నామనుకోండి, మన అమ్మమ్మలు ఊరుకొనేవారా? ఓవెన్ మన ఇంట్లో ఉన్నంత మాత్రాన దానిలోకి వెళ్ళినదల్లా ఇంటిది కాబోదు. డబ్బా సరుకు వాడడం నేరమని నేననను. ఉద్యోగం, పిల్లలు, మంచు, కారు, వీటి మధ్య నలిగిపోయే ఆడపిల్లల శ్రమ నా కూతురి ఇంట్లోనే రోజూ చూస్తున్నాను. డబ్బా పోసినప్పుడు డబ్బా అని చెప్పమంటున్నాను, అంతే. దానిని తిని ఒక జాతి వంట మొత్తం మీద తీర్పు చెప్పడం అన్యాయం అంటున్నాను.

ఈ మాట నిర్వచనం గురించి అమెరికా ప్రభుత్వమే చాలాకాలం తల పట్టుకొన్నది. గడ్డకట్టించి అమ్మే చెర్రీ పైకి అక్కడి ఆహార, ఔషధ పర్యవేక్షణ సంస్థ ఒక కట్టుబాటు పెట్టింది. కడిగి నీరు ఓడ్చిన పళ్ళు, మొత్తం పై బరువులో కనీసం 25 శాతం ఉండాలి. పళ్ళలో మచ్చ పడినవి లెక్కకు 15 శాతం దాటరాదు. విచిత్రమేమంటే పండ్లతో చేసే పైలలో ఇంతటి శాసనం దీనికొక్కదానికే ఉండేది. ఆపిల్ పైకి లేదు. 2024లో ఆ కట్టుబాటును కాలం చెల్లినదని రద్దు చేశారు. శాసనకర్తలు వదిలివేసిన అర్థాన్ని ఇక కాపాడవలసినవారెవరు? ఇంటివారే కదా! నేను చేసే పైలో పళ్ళు కిలో, పిండీ వెన్నా చక్కెరా అన్నీ కలిపి ఇంచుమించు మరో తొమ్మిది వందల గ్రాములు. అంటే పండు సగం దాటింది. లెక్క చూపించగలను కనుకనే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

అవును, నేను చేస్తాను. ఆశ్చర్యపోకండి. ఎలా నేర్చుకొన్నానో తరువాత చెబుతాను.

ముందు పండు సంగతి. చెర్రీలలో తీపి జాతి వేరు, పులుపు జాతి వేరు. దుకాణాలలో సంచుల్లో అమ్మే నల్లని, పెద్ద చెర్రీలు తీపివి. వాటిని ఊరకే తినాలి. పైకి కావలసినవి పుల్లవి. మిచిగన్‌లో పండేవాటిలో ప్రధానమైనది మాంట్‌మొరెన్సీ రకం. ప్యారిస్ సమీపంలోని ఒక ఊరి పేరు అది. పైతోలు పచ్చి మిరపపండు ఎరుపు, లోపలి గుజ్జు పసిమి. కనుక డబ్బాలోని ఆ ముదురు ఎరుపు పండుది కాదు, చాలావరకు కలిపిన రంగుది. అమెరికాలో పండే పుల్ల చెర్రీలలో అధికభాగం మిచిగన్‌వే. మిచిగన్ సరస్సు పక్కన ఉండడం వలన వసంతంలో గాలి మెల్లగా వేడెక్కుతుంది, పూత తొందరపడి విచ్చుకోదు, మంచుకు మాడదు. ఆ సరస్సు కాపలా కూడా ఒక్కొక్కప్పుడు చాలదు. 2012 మార్చిలో అకాలపు ఎండలు కాసి పూత ముందే వచ్చింది, ఏప్రిల్‌లో మంచు కొట్టింది. రాష్ట్రంలో పుల్ల చెర్రీ పంట దాదాపు 90 శాతం పోయింది. మన మామిడి రైతు పూతవేళ పొగమంచు చూసి ఎలా కుమిలిపోతాడో, అక్కడి రైతూ అంతే.

ఆ ప్రాంతానికి చెర్రీ 1852లో వచ్చింది. పీటర్ డోహర్టీ అనే క్రైస్తవ ప్రచారకుడు ఓల్డ్ మిషన్ ద్వీపకల్పంలో నాటాడు. నేడు ఆ పక్కనున్న ట్రావర్స్ సిటీ తనను తాను ప్రపంచ చెర్రీ రాజధాని అని చెప్పుకొంటుంది, ఏటా జూలైలో ఉత్సవం చేస్తుంది. (1987లో ఆ ఊరివారు పన్నెండు టన్నులు దాటిన పై ఒకటి కాల్చారు. దాని పెనం ఇప్పటికీ ప్రదర్శనకు నిలబెట్టి ఉన్నది. ఈ ఆర్భాటం నాకు నచ్చదు. పై అనేది ఎనిమిదిమంది చుట్టూ కూర్చొని తినేది.) పుల్ల చెర్రీ మెత్తనిది, ప్రయాణానికి ఓర్వదు. పచ్చిపండు అక్కడివారికి కూడా జూలైలో కొద్ది వారాలే దొరుకుతుంది. మిగతా ఏడాదంతా గింజ తీసి గడ్డకట్టించినవి వాడవలసిందే. అవి వాడినా అది ఇంటి పై కాదని నేననను. పండు పండుగానే ఉన్నది, చక్కెర పాలు మన చేతిలోనే ఉన్నది. అక్కడే నేను గీత గీస్తాను.

ఇప్పుడు మన గొప్ప చూద్దాం. మన ఊళ్ళలో పుట్టినరోజు కేకు మీద ఎర్రగా గుండ్రంగా కూర్చునే ‘చెర్రీ’ ఏమిటో ఎప్పుడైనా విచారించారా? చాలామట్టుకు అది వాక్కాయ! మన కంచెల మీద కాసే ముళ్ళచెట్టు వాక్కాయను గింజ తీసి, చక్కెర పాకంలో ఊరవేసి, ఎర్ర రంగు పట్టించి చెర్రీ అని అమ్ముతారు. పప్పులో వేస్తే అమృతతుల్యమైన కాయ అది, పులిహోరకు చింతపండును మరపించే కాయ. దాని పులుపంతా తీసివేసి, పేరు కూడా తీసివేసి, పరాయి వేషం కట్టించాము. కాశ్మీరులోనూ హిమాచలంలోనూ నిజమైన చెర్రీ పండే దేశం మనది. వాక్కాయకు అబద్ధపు పేరు పెట్టి తిన్నవాళ్ళం, డబ్బా పైని చూసి ‘వీళ్ళకు నిజమైన వంట లేదు’ అనడానికి మనకు నోరెలా వస్తుందో నాకు బోధపడదు.

ఇక చేతిపని. మూడుపాళ్ళు మైదా, రెండుపాళ్ళు వెన్న, ఒకపాలు మంచునీళ్ళు, అన్నీ తూకానికి. వినడానికి ఇంతే. పూరీపిండిలా మర్దించారా, చెడిందన్నమాటే. మన చేతులకు బలం చూపడం అలవాటు, ఇక్కడ చేయి వెనక్కు తీయడమే విద్య. చల్లని వెన్నను పిండిలో వేళ్ళ కొనలతో బఠాణీ గింజలంత ముక్కలుగా నలపాలి. కరగరాదు. ఆ ముక్కలు పిండిలో అక్కడక్కడ చిక్కుకొని ఉంటాయి. ఓవెన్ వేడికి వెన్న కరిగి, దానిలోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. తాపేశ్వరం మడతకాజా తిన్నవారికి పొరల రుచి చెప్పనక్కరలేదు. అక్కడ మడిచి పొరలు తెస్తారు, ఇక్కడ మడవకుండానే చలితో తెస్తారు. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో పడుకోబెట్టి, అప్పుడు అప్పడాల కర్రతో వత్తాలి. మధ్యలో మెత్తబడితే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాలి. తొందరపడ్డ ప్రతిసారీ నాకు దక్కినది చెప్పు అట్టే.

గింజలు తీయడం మరొక తపస్సు. కిలో పళ్ళు, ఒక్కొక్కదానికీ తొడిమ దగ్గర జడపిన్ను దూర్చి, గింజ చుట్టూ తిప్పి లాగాలి. గంట పడుతుంది. వాటికి 200 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, రెండు చుక్కల బాదం సారం. చెర్రీ గింజలోనూ బాదం వాసనే దాగి ఉంటుంది, అందుకని ఆ రెంటికీ పొత్తు. రసం చిక్కబడడానికి పాతకాలపువారు వాడేది ఏమిటనుకొన్నారు? టాపియోకా. అనగా కర్రపెండలం పిండి, మన సగ్గుబియ్యం చేసేది దానితోనే! సామర్లకోట, పెద్దాపురం వైపు వారికి ఇది చుట్టరికం. దుకాణంలో ఆ పొట్లం చూసినప్పుడు బంధువు కనబడినట్లయింది. నలభై గ్రాములు చాలు.

పై పొరను పట్టీలుగా కోసి ఒకటి పైన ఒకటి కిందగా నవారు మంచంలా అల్లాలి. అది సింగారం కోసమే కాదు, ఆ సందులలోనుంచి ఆవిరి పోతేనే లోపలి రసం చిక్కబడుతుంది. మొదట ఇరవై నిమిషాలు 220 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆ మీదట 190. అంచులలో కాదు, నడిమధ్యన రసం దళసరిగా బుడగలు కక్కేవరకు తీయరాదు. గంటకు తక్కువ పట్టదు. తీశాక నాలుగు గంటలు ముట్టుకోరాదు, వేడిమీద కోస్తే పులుసే. తిన్నప్పుడు మొదట వెన్న, తరువాత పులుపు, ఆ పులుపు వెనుకనుంచి మెల్లగా తీపి వస్తాయి. తీపి తప్ప ఏమీ లేదన్న పెద్దమనిషి ఎన్నడూ దీనిని తినలేదు. పళ్ళు పులిసేంత ఆమ్లరసం ఇందులో ప్రధానం. పులుపు విలువ మనకు తెలియనిదా? చింతపండు లేని పులుసు, గోంగూర లేని ఇల్లు మనం ఊహించగలమా?

విందులో మరొక సూచన వచ్చింది. నేను తెలుగు పండితుడిని కనుక దీనికి ‘చెర్రీ బొబ్బట్టు’ అనో ‘ఫలపూరిక’ అనో పేరు పెట్టమన్నారు. పెట్టను. ఇది బొబ్బట్టు కాదు, కజ్జికాయా కాదు. కాగితం, అలమార, అనాస, ఇవన్నీ పరభాషలనుంచి తమ పేర్లతోనే వచ్చి మనవైనాయి. అన్యదేశ్యమని వేరు పంక్తిలో కూర్చోబెట్టినా వాటికి మన భాషలో విస్తరి వేశాము. పెసరట్టును ఎవరైనా ‘పప్పు దోసె వంటిది’ అంటే మనకు ఒళ్ళు మండుతుంది కదా, వారి వంటకానికి మాత్రం మన పేరు పెట్టి చిన్నది చేయడమెందుకు? ‘పై’ అంటే మనకు ‘మీద’ అని అర్థం వచ్చి తికమక అవుతుందన్నారు. కానివ్వండి, సందర్భాన్నిబట్టి అర్థం తెలుసుకోలేని పాఠకుడు తెలుగులో ‘పాలు’ అన్న మాట దగ్గరే ఆగిపోతాడు.

ఇంత కోపం ఒక పిండివంట మీద ఎందుకని మీరు అడగవచ్చు. చెబుతాను. ఆ విందులో ఆయన అన్న మాట నాకు కొత్తది కాదు. అది నా మాటే. కృష్ణా జిల్లా పల్లె బడులలో ఎనిమిదవ తరగతి, తొమ్మిదవ తరగతి పిల్లలకు మన భోజన సంప్రదాయం గురించి చెప్పినప్పుడల్లా, “తెల్లవారికి వంటంటే డబ్బా విప్పడమే నాయనా” అని చేత్తో అభినయించేవాడిని. పిల్లలు విరగబడి నవ్వేవారు. నేను ఆ నవ్వుకోసం ఏటేటా చెప్పేవాడిని. జార్జి వాషింగ్టన్ చెర్రీచెట్టు నరికి నిజం ఒప్పుకొన్న కథను కూడా అలాగే చెప్పాను. అది వీమ్స్ అనే రచయిత, వాషింగ్టన్ పోయిన తరువాత, 1806 నాటి ముద్రణలో చేర్చిన కల్పన అని నాకు చాలాకాలం తెలియదు. సత్యవ్రతం బోధించడానికి ఒక అసత్యం! చూడని చెట్టు గురించి, తినని వంట గురించి ఎంత ధీమాగా మాట్లాడానో తలచుకొంటే ఇప్పుడు సిగ్గవుతుంది.

2018లో పదవీ విరమణ చేశాను. 2019లో నేనూ నా భార్యా అమ్మాయి దగ్గరకు వెళ్ళాము. ఆ జూలైలోనే ఆమె అక్కడ హఠాత్తుగా పోయింది. పరాయి దేశంలో ఆ దహనం, ఆ కాగితాలు, అవన్నీ ఇప్పుడు వ్రాయలేను. మూడవనాటి సాయంత్రం పక్కింటి పెద్దావిడ తలుపు తట్టారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. గుడ్డ కప్పిన గాజు పళ్ళెం నా చేతిలో పెట్టి, ఏవో రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయారు. గుడ్డ తీస్తే నవారు మంచంలా అల్లిన ఈ పై. ఇంకా గోరువెచ్చగా ఉన్నది. అందులో పందికొవ్వు ఉంటుందేమో, గుడ్డు ఉంటుందేమో అని ఇంట్లో ఒకరంటే ఒకరికి అనుమానం వచ్చింది. ఎవరమూ వెళ్ళి అడగలేదు. ఆ రాత్రి దానిని చెత్తబుట్టలో వేశాము. వేసినది నేనే. పళ్ళెం కడిగి మరునాడు ఇచ్చినప్పుడు ఆవిడ “బాగున్నదా?” అన్నారు. అంత మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. “చాలా బాగున్నది” అన్నాను.

మనలోనూ మనిషి పోయిన ఇంట పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగువారే అన్నం వండి పంపుతారు. అది పుచ్చుకోకపోవడం ఎంత అపచారమో పల్లెటూరివాడిని నాకు ఒకరు చెప్పాలా? చావు ఇంటికి పై పంపడం అక్కడివారికి అదే మర్యాద. నాకు తెలియక కాదు, తెలుసుకోవాలని తోచక పోయింది. డబ్బా విప్పి వేడి చేసి పంపి ఉంటారులే అన్న ఊహ కూడా ఆ రాత్రి నా మనసులో మెదిలింది. అదే నన్ను ఇప్పటికీ కుదిపే సంగతి.

కరోనా రోజులు గడిచి 2022లో మళ్ళీ వెళ్ళినప్పుడు, మనుమరాలిని దుబాసీగా వెంటబెట్టుకొని ఆవిడ ఇంటికి వెళ్ళి జరిగినది జరిగినట్టు చెప్పాను. పిల్ల ఆ వాక్యం దగ్గర తడబడి నావైపు చూసింది. చెప్పమన్నాను. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పినది ఇది. తమ తల్లి పందికొవ్వుతోనే చేసేదట. మేము శాకాహారులమని మా అమ్మాయిని అంతకుముందే అడిగి తెలుసుకొని, ఆనాడు వెన్నతో చేశారట. పైన గుడ్డు పూయకుండా పాలు పూశారట. పుట్టిల్లు ట్రావర్స్ సిటీ వైపట. ఆ రోజు పళ్ళకోసం ఉదయమే ఎంతో దూరం కారులో వెళ్ళి వచ్చారట. గింజలన్నీ జడపిన్నుతో తానే తీశారట. ఇంతా చెప్పి, లోపలికి వెళ్ళి అప్పడాల కర్ర తెచ్చి నా చేతికిచ్చారు.

కనుక ఆనాటి విందులో నవ్విన మిత్రులకు నా మనవి. వచ్చే జూలైలో నేను మళ్ళీ అక్కడ ఉంటాను. ఎవరైనా రావచ్చు. కిలో పళ్ళు, ఒక జడపిన్ను నేను ఇస్తాను. గింజలు తీసి, పిండి కలిపి, కాల్చి, నాలుగు గంటలు కాచుకొని, తిన్న తరువాత కూడా వీళ్ళకు వంట లేదని తోస్తే, అప్పుడు వాదించుకొందాం. డబ్బా పోసిన ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ మరొక మాట అనవద్దు. తాను పోసినది డబ్బా అని నలుగురిలో ఒప్పుకొన్నది ఆమె ఒక్కతే.

విందు జరిగిన మరునాడు నేను చేసిన పై పక్కింటావిడకు ఇచ్చి వచ్చాను. ఒక ముక్క తిని, పులుపు సరిపోయిందన్నారు. అంచు మాత్రం దళసరి అయిందట. నిజమే, వెన్న కొంచెం మెత్తబడిన తరువాత వత్తాను.